జ్వరంతో పాఠం

డెబ్బైల చివర్లో నేనూ నా స్నేహితుడూ ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక బర్సాతీలో, అంటే డాబా మీది ఒంటిగదిలో ఉండేవాళ్లం. వాడు సివిల్ సర్వీసు పరీక్షకు చదువుతున్నాడు. వయసు దాటకముందు ఆ ఏడే ఆఖరి అవకాశం. నేను సాయంత్రాలు పోర్చుగీసు నేర్చుకునేవాణ్ణి. పోర్చుగీసు మాట్లాడే మొజాంబిక్ నుంచి ఇక్కడి ఆస్పత్రులకు శిక్షణకు వచ్చే డాక్టర్లకు దుబాసీ కావాలని తెలిసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఆ ఉద్యోగానికి పెట్టే నోటి పరీక్షలో జబ్బుల మాటలే అడుగుతారట.

జబ్బు పడటాన్ని ఆ భాషలో 'అదుఎసేర్' అంటారు, 'ఫికార్ దుఎంత్' అని కూడా అంటారు. మనకు జ్వరం వస్తుంది. వాళ్లు జ్వరంతో ఉంటారు. ఇవే వల్లిస్తూ ఉక్కపోతలో డాబా అంతా తిరిగేవాణ్ణి. నేను డాక్టర్ని, వాడు రోగి. జవాబులన్నీ వాడికి నేర్పేశాను.

నా పరీక్ష ముందురోజు మధ్యాహ్నం వాడు మంచం దిగలేదు. ఒళ్లు కాలిపోతోంది. నాకు జాలి కలగాలి. హుషారు పుట్టింది.

"ఎన్నాళ్ల నుంచి జ్వరం?" అని పోర్చుగీసులో అడిగాను.

"ఇవాళ వదిలెయ్యరా, డాక్టరూ."

"ఇంత మంచి రోగి మళ్లీ దొరుకుతాడేంట్రా? చెప్పు."

నవ్వి, ఎన్నాళ్లయిందో చెప్పాడు. తలనొప్పి, కడుపునొప్పి, ఎన్నిసార్లు వాంతులు, ఏం మందులు, అన్నీ. మాట తెలియనిచోట అందించాను, ముక్కుతో పలకాల్సినవి సరిదిద్దాను. మంచినీళ్లు కావాలంటే అదీ పోర్చుగీసులోనే అడగమన్నాను. అడిగాకే ఇచ్చాను.

మర్నాడు వాణ్ణి అలాగే వదిలేసి వెళ్లి పరీక్షకు హాజరయ్యాను. నెగ్గాను. తిరిగొచ్చేసరికి వాడు ఏదో కలవరిస్తున్నాడు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను.

"బుఖార్ కబ్ సే హై?" అన్నాడు డాక్టరు, జ్వరం ఎన్నాళ్ల నుంచి అని. వాంతులు ఎన్నిసార్లయ్యాయి, మందులేమైనా మింగాడా అనీ అడిగాడు.

వాడింకా కలవరిస్తూనే ఉన్నాడు. ఇవన్నీ నిన్న నేను అడిగినవే. వాడు చెప్పినవే. నేను విన్నది వాడి ఉచ్చారణ ఒక్కటే.

"తెలీదండీ," అన్నాను హిందీలో.

"ఒకే గదిలో ఉంటారా?"

"హా జీ."

డాక్టరు ఇంక నన్నేమీ అడగలేదు.

టైఫాయిడ్ అన్నారు. బతికాడు. కోలుకునేలోపే వచ్చిన సివిల్ సర్వీసు పరీక్ష మాత్రం రాయలేకపోయాడు. ఆ శీతాకాలమంతా నేను విదేశీ డాక్టర్ల వెంట వార్డులు తిరిగాను. ప్రతి రోగినీ అడిగిందే మళ్లీ అడిగేవాణ్ణి. ఒక్కసారి చాలని ఆ డాక్టర్లు విసుక్కునేవారు.