చిలకలు విన్న రెండో ఆల్బమ్

2003, చలికాలం మొదలు. మా అల్లుడి రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్‌ను విన్న మనుషులు ఆరుగురే. ఆ తర్వాత విన్నవన్నీ చిలకలే. నవ్వకండి! నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అల్లుడు ప్రకాశ్‌ది పాల్వంచలో షిఫ్టు డ్యూటీ. డ్యూటీ దిగిన నలుగురు కలిసి గిటార్లు, డ్రమ్ములు పట్టారు. మొదటి క్యాసెట్ విని నేనే తిట్టాను.

"ఏందిది? పాటనా, బొగ్గు లారీ బోల్తా పడ్డదా?"

అతను తగ్గలేదు. "మొదటి ఆల్బమ్‌ల ఆవేశమే ఉంటది మామా. బ్యాండ్ నిలబడేది రెండోదాంతోనే. దాంట్ల నీ డోలు కావాలె."

నా డోలు! పినపాక దిక్కు జాతరల్లో తప్ప ఎక్కడా మోగనిది. కొత్తగూడెం స్టూడియోలో రెండు రోజులు కొట్టాను. చివర హెడ్‌ఫోన్ పెట్టి వినిపించారు. గిటార్లన్నీ ఆగిపోతాయి, నా డోలు ఒక్కటే నడుస్తుంది, కాసేపటికి ఒక గిటార్ మెల్లగా వచ్చి పక్కన చేరుతుంది. మొదటిదాంట్లో నలుగురూ ఒకేసారి అరిచారు. రెండోదాంట్లో ఒకరినొకరు విన్నారు. గొప్ప ఆల్బమ్ అది! కాదన్నవాడితో కొట్లాటకైనా సిద్ధమే.

నెల తిరిగేసరికి మా జొన్నచేను మీద చిలకలు మందలుగా దిగాయి. మా దగ్గర చేను చుట్టూ క్యాసెట్ రీలు లాగి కడతాం. గాలికి జుయ్యిమంటుంది, ఎండకు మెరుస్తుంది, పిట్ట వాలదు. రీలు కోసం అలమర తెరిచాను. మొదటి ఆల్బమ్‌వి అమ్ముడుపోనివి ఇరవై ఉన్నాయి. కానీ వాటి మీద అచ్చు అక్షరాలున్నాయే! నలభై దాటాక రాత్రిబడిలో లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దినవాణ్ణి. ఎంత పనికిమాలినదైనా, అక్షరమున్నదాన్ని పాడు చేయలేను. పక్కనే ఒక క్యాసెట్ బోడిగా ఉంది. అక్షరం లేనిదాంట్లో ఏముంటుంది?

"అది ప్రకాశ్ దాయమన్నడు. అడిగి తీస్కో" అంది మా ఆవిడ.

"చదువొచ్చినోణ్ణి, నాకు చెప్తవా?" అని దాని రీలు లాగి చేను నాలుగు దిక్కులా చుట్టేశాను.

నాలుగో రోజు ప్రకాశ్ వచ్చి చేను గట్టు మీదనే అడిగాడు. "మామా, మన రెండో ఆల్బమ్ క్యాసెట్ అలమరల లేదేంది? ఒక్కటే ఉన్నది. స్టూడియోవాళ్ళు కంప్యూటర్ల జాగ లేదని పాటలన్నీ తుడిచేసిండ్రు."

అప్పుడే గాలి లేచింది. జుయ్యి...

తప్పు నాదని తెలిసీ నేనే ఎగిరాను. "పేరు రాయకుంట పెడతరా ఎవరన్న?"

"రాస్తే దోస్తులు ఎత్తుకపోతరని రాయలే."

గట్టు మీద కూలబడ్డాడు. అరవలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"తిట్టు!" అన్నాను.

"ఏం తిట్టాలె మామా? మస్తు మోగుతుంది."

పొద్దుగూకే దాకా రీలు ఏరాం. మంచుకు తడిసి, సాగి, ఎక్కడికక్కడ తెగింది. ముక్కలు అతికించి మళ్ళీ క్యాసెట్‌లోకి ఎక్కించి వింటే గుర్రుమంది.

ఆ కోపంలో ఇంట్లో ప్రతి డబ్బా మీదా పేరు రాశాను. ఉప్పు మీద ఉప్పు, కారం మీద కారం.

"నీ నెత్తి మీద ఏం రాయాలె?" అంది మా ఆవిడ.

"ఏం రాయకు. లోపల ఏం లేదు."

పాడైన ఆ రీలునే మళ్ళీ చేను చుట్టూ కట్టాను. ఆ ఏడు ఇక ఒక్క చిలక వాలలేదు. తొమ్మిది బస్తాల జొన్నలొచ్చాయి. బ్యాండ్ మళ్ళీ స్టూడియో మెట్లెక్కలేదు. రెండో ఆల్బమ్ లేదు.