ట్యూబులైటును నమ్మని నాగమణి

నాగమణి జన్మలో తుపాకి పట్టలేదు, మాంసం ముట్టలేదు. అయినా 1983లో, అమెరికాలో బాతెల్ అనే ఊళ్లోని ఒక వేట సామాన్ల కొట్లో తుపాకీ స్కోపులు, అంటే గురి చూసుకునే దుర్భిణులు, అమ్మే పని ఆవిడకే దొరికింది. గుంటూరులో చీర కొనేటప్పుడు ట్యూబులైటు కింద రంగును నమ్మేది కాదు. చీర పట్టుకుని గుమ్మం బయటికి నడిచేది. ఇక్కడా అదే పద్ధతి.

ఒక సాయంత్రం ఆర్థర్ అనే డెబ్బై ఏళ్ల వేటగాడు, దూరపు జింకను కొట్టాలి, పన్నెండు రెట్లు పెద్దగా చూపే స్కోపే కావాలని పట్టుబట్టాడు.

"జింకలు మీకోసం ట్యూబులైటు కింద నిలబడతాయా? అవి మేతకొచ్చేది ఈ వేళే. బయటికి రండి!" అని కసిరి, మునిమాపు వెలుగులోకి తీసుకుపోయింది.

పన్నెండు రెట్ల స్కోపులో రోడ్డవతలి చెట్లు మసకబారాయి. ఆయన చేతులతో పాటు వణికాయి కూడా. ఆరు రెట్లదాంట్లో కొమ్మకొమ్మా తేటగా కనిపించింది. ఆర్థర్ చిన్నదే తీసుకున్నాడు.

వేట సీజన్ అయ్యాక మళ్లీ వచ్చాడు. మిగతా వేటగాళ్లు జింక దొరికిన సంతోషం కొద్దీ ఆవిడకు మాంసం పొట్లాలు తెచ్చేవారు. నవ్వుతూ పుచ్చుకుని ఎవరికో ఇచ్చేసేది. ఆర్థర్ మాత్రం బల్ల మీద ఆపిల్ పళ్ల బుట్ట పెట్టాడు.

"జింక దొరికింది, మణీ. నీ వాటా తెచ్చేముందు, నువ్వేం తింటావో మీ ఓనర్‌ని అడిగాను."

నాగమణి ఈ దేశం వచ్చి ఆరేళ్లు. తనేం తింటుందో కనుక్కున్నవాడు ఈయనొక్కడే. ఒక పండు చేతిలోకి తీసుకుంది.

"ఈ లైట్ల కింద దీని రంగేం తెలుస్తుంది? బయటికి రండి!" అని కసిరి, ఆయనకంటే ముందే గుమ్మం దాటి కళ్లు తుడుచుకుంది.