దెబ్బ జ్వరం

పంతొమ్మిది వందల తొంభైల్లో, నిజాంసాగర్ నీళ్లొదిలిన ఒక సాయంత్రం, నాయనమ్మ కాలువ గట్టు మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఎక్కడా చర్మం చిట్లలేదు. అయినా బాన్సువాడ దవాఖానలో ఆమె ఒళ్లు కాలిపోతోంది.

"పుండు లేదు, చీము లేదు. గీ జ్వరమేందో" అంది నర్సు.

నాయనమ్మ కలలో ఉన్నట్టు "నొప్పెట్టేత్తందర్రా" అని మూలిగింది. కొత్త కోడలిగా గోదావరి వైపు నుంచి వచ్చి, ఎన్నో ఏళ్లుగా బీర్కూర్ మాటే మాట్లాడిన మనిషి. ఆ యాస ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

"మీదే ఊరవ్వా?" అంది నర్సు. నాకెందుకో ఒళ్లు మండింది.

"బీర్కూరే బిడ్డా" అంది నాయనమ్మ, కళ్లు తెరవకుండానే.

చాలా ఏళ్లకు, కాలేజీలో జీవశాస్త్రం చెబుతూ ఒక సంగతి చదివాను. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు బయటి నుంచి వచ్చి స్థిరపడ్డ బాక్టీరియానే. దెబ్బకు కణాలు చితికితే అవి రక్తంలోకి ఒలుకుతాయి. ఒంటిని కాపలా కాసే కణాలు వాటి పాత ఆనవాలు పట్టి, పరాయి క్రిములనుకుని జ్వరం రాజేస్తాయి.

పుస్తకం మూసి కూర్చున్నాను. ఎక్కడో కాలువ పారుతున్నట్టే ఉంది. ఇన్ని యుగాలు తనను బతికించిన వాటిని, చితికిన రోజున ఒళ్లే అడుగుతోంది, మీదే ఊరని.