దౌల్తాబాదు బస్సులో పెట్రోలు టాంకు

1963, మే నెల. తాండూరు స్టేషను దగ్గర ఆయిలింజన్లు, పంపులు, జనరేటర్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో నేను మెకానిక్‌ని. పని మాత్రం వికారాబాదులో ఒక ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాను. అప్పట్లో మా వైపు చాలా ఊళ్లకు కరెంటు రాలేదు. పెళ్లిలో మైకు మోగాలన్నా, లైట్లు వెలగాలన్నా చిన్న పెట్రోలు జనరేటరే దిక్కు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే లేచే యంత్రం. దాన్ని బస్సులోనో ఎడ్లబండిలోనో వేసుకుని పోయేవాళ్లు.

మైకుసెట్టు శంకరప్ప దౌల్తాబాదులో ఒక పెళ్లి ఒప్పుకున్నాడు. జనరేటరు సతాయిస్తోందని నన్నూ తోడు రమ్మన్నాడు. పొద్దున నేను వచ్చేసరికే దాన్ని బస్సు వెనక తలుపులోంచి ఎక్కించేశాడు.

"టాంకు ఖాళీ చేసినవా శంకరన్నా?" అని అడిగాను.

"ఎప్పుడో చేసిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

జనరేటరు పక్కనే, బస్సు నేల మీద, బాలమ్మ అనే పెద్దామె పడుకుని ఉంది. కూలి పనిలో కాలుజారి పడి తుంటి విరిగిందట. తాండూరు ఆసుపత్రిలో నడుము నుంచి మడమ దాకా ఒక పొడవాటి చెక్కకు కట్టి ఇంటికి పంపారు. తల దగ్గర ఆమె కూతురు ఏసుమణి కూర్చుంది. ముందు బాలమ్మను ఎక్కించి, ఆ తర్వాత తలుపుకు అడ్డంగా జనరేటరు పెట్టారు.

సగం దారి దాటాక బస్సు ఒక గుంతలో పడి ఎగిరింది. కాసేపటికి నా ముక్కుకు పెట్రోలు వాసన తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఏసుమణి కొంగుతో ముక్కు మూసుకుంది. బస్సులో నలుగురైదుగురి చేతుల్లో బీడీలు వెలుగుతున్నాయి.

"ఖాజాభాయ్, బండి ఆపు! ఇంజను బంద్ చెయ్! బీడీలు బయట పారెయ్యుండ్రి, అందరు దిగుండ్రి!" అని అరిచాను.

నా గొంతులో ఏం వినబడిందో గానీ ఎవరూ ఎందుకని అడగలేదు. డ్రైవరు ఖాజామియా జనాన్ని చేను గట్టు దాకా తరిమాడు. నేను వెనక్కి పరుగెత్తాను.

టాంకు నిండుగా ఉంది. పల్లెలో పెట్రోలు దొరకదని శంకరప్ప పొద్దున్నే నింపుకున్నాడు. టాంకు అడుగున పెట్రోలును వదలడానికి, ఆపడానికి ఒక చిన్న కొళాయి ఉంటుంది. దాన్ని పెట్రోల్ కాక్ అంటాం. బస్సు కుదుపుకు ఆ కాక్ మొదట్లో అతుకు పగిలి పెట్రోలు కారుతోంది. అంతకన్నా ఘోరం, జనరేటరు జరిగి బాలమ్మ చెక్క మీద ఎక్కి కూర్చుంది. దాన్ని ఎత్తితేగానీ ఆమె బయటికి రాదు. ఎత్తితే ఒరుగుతుంది, ఒరిగితే మూతలోంచి మొత్తం ఆమె మీదే ఒలుకుతుంది.

కిందికి దిగి బస్సు అడుగున చూశాను. బస్సు నేల పలకల సందుల్లోంచి పెట్రోలు చుక్కలు పడుతున్నాయి. వాటికి జానెడు దూరంలో సైలెన్సరు, అంటే ఇంజను పొగను బయటికి పంపే ఇనుప గొట్టం, సెగలు కక్కుతోంది.

పద్ధతి ప్రకారం అది చల్లబడే దాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. కానీ పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలనంటుకుని నిలుస్తుంది. ఆ నేల మీదే బాలమ్మ పడుకుని ఉంది. అప్పటికే ఆమె దగ్గుతూ వాంతి చేసుకుంటోంది.

శంకరప్ప రబ్బరు పైపుతో వచ్చాడు. "నోటితో గుంజి తీస్త."

"ఊపిరితిత్తుల్లకు పోతే చస్తవు. నువ్వు మన్ను తెచ్చి కింద పడ్డ పెట్రోలు మీద పొయ్యి, జల్ది!"

"బ్యాటరీ వైరు పీకాల్నా భాయ్?" అన్నాడు ఖాజామియా.

"వద్దు. పీకేటప్పుడే నిప్పురవ్వ వస్తది. ఏ స్విచ్చూ ముట్టకు. నీళ్ల డబ్బా ఖాళీ చేసి తే."

నా చెప్పులకు ఇనుప మేకులున్నాయి. వాటిని విప్పేసి బస్సెక్కాను. కిటికీలన్నీ తెరిచాను. కానీ బయట ఆకు కదలడం లేదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరుకు పోయే పైపు చివర ఊడదీసి, ఖాజామియా తెచ్చిన ఇనుప డబ్బాలో దించాను. డబ్బా అంచును టాంకుకు ఆనించి పట్టుకున్నాను. పెట్రోలు పారేటప్పుడు కంటికి కనబడని కరెంటు పుడుతుంది. డబ్బా ఎడంగా ఉంటే మధ్యలో చిన్న రవ్వ ఎగరొచ్చు. మాకు ఆ ఒక్క రవ్వ చాలు.

కాక్ తిరగలేదు. బిగుసుకుపోయింది. స్పానరుకు తడి తువాలు చుట్టాను. ఇనుము ఇనుముకు తగలకూడదు. నా చేతులు ఎంత వణికాయంటే స్పానరు కాక్ మీద నిలవలేదు.

"బిడ్డా, నువ్వు దిగిపో. నాతోని నువ్వెందుకు కాలాలె?" అంది బాలమ్మ.

"నిన్ను ఇడిసి నేనేడికి పోను," అంటూ ఏసుమణి తల్లి తలను ఒడిలో పైకెత్తి పట్టుకుంది.

బాలమ్మ నా వైపు చూసింది. "నాయనా, బయమైతుందా?"

"అయితుందమ్మా."

"నాక్గూడ అయితుంది. గట్లనే కానియ్యి."

ఎందుకో తెలియదు, ఆ మాటతో నా చేతులు కాస్త నిలిచాయి. కాక్ తిరిగింది. సన్నటి ధార డబ్బాలో పడింది. అది నిండగానే కాక్ మూసి, వెనక తలుపులోంచి ఖాజామియాకు అందించాను. అతను దూరంగా చేలో గుంత దగ్గరికి పోయి పోసి వచ్చేదాకా నేను ఆ కాక్ పట్టుకుని కూర్చోవాలి. ఎండకు బస్సు రేకులు టప్పుమన్నప్పుడల్లా అయిపోయిందనుకునేవాణ్ని. ఏసుమణి కళ్లు మూసుకుని ప్రభువును పిలుస్తోంది. నేను కింద సైలెన్సరు గురించే ఆలోచిస్తున్నాను.

డబ్బాలు అలా పోయి వస్తూ ఉన్నాయి. చివరికి ధార చుక్కలైంది, చుక్కలు ఆగాయి. అప్పుడే శంకరప్పను పిలిచాను. ముగ్గురం కలిసి జనరేటరును నేల మీద ఈడ్వకుండా ఎత్తి కిందికి దించాం. తర్వాత బాలమ్మను చెక్కతో సహా తెచ్చి ఒక తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టాం. పెట్రోలుకు తడిసిన చీర మార్చి, పక్క చేను బావి నుంచి తెచ్చిన నీళ్లతో ఒళ్లు కడిగింది కూతురు. తల్లి వీపంతా బొబ్బలెక్కింది. అప్పుడుగానీ నేను గట్టు మీద కూర్చోలేదు.

శంకరప్ప బాలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆమె అతన్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "నీళ్లు ఉన్నయా?" అని మాత్రం అడిగింది. ఆ దారిన పోయే ఎడ్లబండిలో ఆమెను తాండూరు ఆసుపత్రికి తిరిగి పంపాం. బొబ్బలు మానాయని, దగ్గు మాత్రం చాలా రోజులు వదల్లేదని ఏసుమణి తర్వాత చెప్పింది.

ఆ రోజు నుంచి ఏ జనరేటరును కదిలించాలన్నా ముందు నేనే మూత తీసి చూస్తాను. ఇంజను చల్లబడ్డాక, ఆరుబయట, నిప్పుకు దూరంగా టాంకు ఖాళీ చేశాకే ఎత్తనిస్తాను. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. "నా మాట మీద నమ్మకం లేదా?" అని ఒకాయన కోపం చేశాడు. "నీ మాట మీద ఉంది అన్నా. పెట్రోలు మీద లేదు," అన్నాను.

ఇప్పటికీ కాక్ మీద వేలు పెట్టగానే గుండె ఒకసారి గుబుక్కుమంటుంది. అది పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. ఈ పనిలో భయం పోయిన మెకానిక్ దగ్గర నేను నిలబడను.