కిటికీ కవరు

కవర్లమ్మ కవర్లు అమ్మేవాడి దగ్గర డబ్బు తిన్నదని, అందుకే ల్యాబువాళ్లు ఇంటికి పంపేశారని వీధి కొళాయి దగ్గర ఒక మాట పుట్టింది. పొద్దున పుట్టిన మాటకు మధ్యాహ్నానికి కాళ్లొచ్చాయి, సాయంత్రానికి ఏకంగా గాజులే తొడిగారు. "జత గాజులు చేయించుకుందట!" అన్నారు. ఆ గాజులు చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఉంటే కదా చూడటానికి! ఇలా నోటికొచ్చింది అనుకునేకన్నా జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం మేలు.

ఆ రక్తపరీక్షల ల్యాబులో ఆమె ఇరవై రెండేళ్లు చేసింది ఒకటే పని, కవర్ల మీద చిరునామాలు రాయడం. మెట్ల కింద గది, ఒక కాలికి అట్టముక్క ఎత్తుపెట్టిన బల్ల, నీలం సిరా. ముత్యాల్లాంటి అక్షరాలు. పక్షవాతంతో మంచాన పడ్డ అన్నయ్యకు మందులు, వదినకూ తనకూ ఇంత తిండి ఆ అక్షరాల్లోంచే వచ్చేవి.

రిజిస్టరు చూసి ముందు కవర్లన్నీ రాసి, వరస తప్పకుండా దొంతర పెట్టేది. పక్కన అదే వరసలో రిపోర్టుల దొంతర. ఎవరి జబ్బు ఎవరికీ తెలియకూడదని రిపోర్టు మీద పేరు వెయ్యరు, నంబరే. పై కవరులో పై కాగితం, కింది కవరులో కింది కాగితం. పని ముగిసేసరికి అటు కవరూ మిగలకూడదు, ఇటు కాగితమూ మిగలకూడదు. తప్పు పట్టుకోవడానికి ఆమెకున్న దారి అదొక్కటే.

వానాకాలంలో ఒకరోజు చెమ్మకు రెండు కవర్ల జిగురు అతుక్కుంది. ఒకటే అనుకుని తీసింది. అక్కడి నుంచి ఒక్కొక్కరి కాగితం వరసలో తర్వాతివాళ్ల ఇంటికి పోయింది. "వెంటనే రండి" అన్నది ఒక బస్సు డ్రైవరుకు చేరింది. పాపం, పరుగెత్తుకొచ్చాడు. మళ్లీ పరీక్ష చేసి ఏమీ లేదంటే ల్యాబువాళ్లను నాలుగు తిట్టి పోయాడు. "భయం లేదు, ఏడాది తర్వాత రండి" అన్నది ఒక బడిలో వంట చేసే ఆవిడకు చేరింది. ఆవిడ దాన్ని అద్దం అంచుకు గుచ్చుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా చూసుకుని ధైర్యం తెచ్చుకునేదట. ఐదు నెలలకు మంచం ఎక్కింది. ఆరో నెలలో పోయింది.

ఆవిడ భర్త ఆ కవరూ కాగితమూ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. కాగితం మీద నంబరు ఆవిడది కాదు. కవరు మీద అక్షరాలు మాత్రం ముత్యాలే. గుమ్మంలో నిలబడి కవర్లమ్మ చూసింది. నంబర్లు వేసే మిషనుదే తప్పన్నాడు మేనేజరు. మిషనుకు నోరు లేదు కనుక ఒప్పేసుకుంది.

వారం తిరక్కుండా ఆయన ఆమెను పిలిచాడు. "ఇక చేతిరాత చాలమ్మా. చిరునామాలు అచ్చు వేసే దారేదో చవకలో నువ్వే చూసి చెప్పు. ఈ పని నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?"

ఆమె తిరిగింది. రబ్బరు స్టాంపులవాడు, "ఎంతమందికి తల్లీ?" అన్నాడు. "నెలకు ఐదారు వందలు" అంది. "మొదటివాడి స్టాంపు ఆరేలోపు చివరివాడు ఇల్లు మారిపోతాడు, పో!" అన్నాడు. జిరాక్సు షాపావిడ ఒక కవరును నేరుగా ప్రింటరులో పెట్టి చూపింది. అది ముడతలు పడి మధ్యలో ఇరుక్కుంది. "దీనికి కవర్లు అరగవమ్మా" అంటూ స్టిక్కర్ల షీటు తీసింది. "దీని మీద అచ్చు వేసుకుని, ఒక్కోటీ ఊడదీసి అంటించుకోవాలి. అంటించడానికి మనిషి కావాలి కనుక నీ కుర్చీకి ఢోకా లేదు."

"ఇంకేమైనా ఉందా?"

ఆవిడ ముందువైపు పారదర్శకమైన ముక్క ఉన్న కవరు ఇచ్చింది. రిపోర్టు పైభాగానే పేరూ చిరునామా అచ్చు వేసి మడిచి పెడితే, ఆ కిటికీలోంచి కనబడతాయి. ఎవరి కాగితం మీద వాళ్ల పేరే. "కవరు ధర కాస్త ఎక్కువే గానీ స్టిక్కరు ఖర్చు లేదు, మనిషి జీతం లేదు" అని నవ్వింది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో గుర్తొచ్చి నవ్వు ఆపేసింది.

స్టిక్కర్ల షీటూ, కిటికీ కవరూ మూడు రోజులు ఆమె బల్ల మీదే ఉన్నాయి. నాలుగో రోజు కిటికీ కవరు తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టి, "ఇదే చవక సార్" అంది. నెలాఖరుకు ఆమెను ఇంటికి పంపేశారు. కవర్లు అమ్మినవాడు కనీసం టీ కూడా పోయించలేదు.

వదిన ఊరుకుంటుందా! "చేతులారా పొయ్యిలో నీళ్లు పోసుకున్న మహాతల్లి" అని వచ్చేపోయేవాళ్లందరికీ చూపించేది. మొన్న అన్నయ్య మాత్రను కత్తితో రెండు ముక్కలు చేసి, ఒకటి రేపటికని సీసాలో వేసి, ఆడపడుచు పక్కన చతికిలబడింది.

"ఒక్క మాట అడుగుతానే, ఎగతాళికి కాదు. స్టిక్కర్లని ఉంటే నీ కుర్చీ నీకుండేదిగా. ఎందుకు చేశావలా?"

కవర్లమ్మ సీసా మూత బిగించింది.

"ఆ వానరోజు చివర్లో ఒక కాగితం మిగిలింది వదినా. టపా బండివాడు గుమ్మంలో హారన్ కొడుతున్నాడు. అన్నీ విప్పి చూడాలంటే గంట పడుతుంది. రిజిస్టరులో చివరి పేరుకే ఇంకో కవరు రాసి అందులో పెట్టేశాను. ఆ పేరుకు అంతకుముందే కవరు రాశానని నాకు తెలుసు. స్టిక్కర్లయినా అంటించేది ఈ చెయ్యే కదా."