ముందు అడిగినోళ్ళకే నీళ్ళు

కామారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచి ఒళ్ళో ల్యాప్‌టాప్, గుండెలో దడ. ఎల్లారెడ్డి చేరేలోపు ప్రోగ్రామ్ పంపకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. ప్రోగ్రామ్ ముక్కలన్నీ కలపాల్సిన లింకరేమో ఒక సిస్టమ్ ఫంక్షన్ దొరకలేదని మొండికేసింది. అది ఉన్న లైబ్రరీ పేరు కమాండ్‌లో ఇచ్చాను కూడా. డాక్యుమెంటేషన్ తెరిస్తే ఫంక్షన్ పేరు ఉంది, దాని కింద ఒక్క వాక్యం లేదు.

"ఏంది బిడ్డ, గంత పరేషాన్ల ఉన్నవ్?" అన్నాడు పక్క సీటు పెద్దాయన.

"సామాను ఇంట్లనే ఉంది బాపు. అడిగితే లేదంటున్నది."

"అడుగుడు ముందా, ఇచ్చుడు ముందా?"

నాకు అర్థం కాలేదు. తాను కాలువ మీద నీరటినని, పొలాలకు నీళ్ళు వదులుతానని చెప్పాడు.

"ఎవలకు నీళ్ళు కావాలెనో ముందుగాల అడుగుత. అటెన్క షట్టర్ లేపుత. దించినంక వచ్చి మొత్తుకుంటే మళ్ళ ఎన్కకు పోను," అంటూ రెండు చేతులతో గాలిలో షట్టర్ లేపి, దించేశాడు.

కమాండ్ మళ్ళీ చూశాను. ఆ ఫంక్షన్‌ని అడిగే ఫైలు కంటే ముందే లైబ్రరీ పేరు ఉంది. లింకర్ వరుసగా చదువుకుంటూ, ఎవరూ అడగకముందే లైబ్రరీని దాటేసింది; ఇక వెనక్కి పోదు. దాన్ని చివరికి జరిపాను. ప్రోగ్రామ్ తయారైంది, పంపేశాను. చెబుదామని తల ఎత్తేసరికి పక్క సీటు ఖాళీ.

డాక్యుమెంటేషన్‌లో ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. లింకర్ మొరాయించినప్పుడల్లా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. చేతులు మాత్రం ముందు గాలిలో షట్టర్ లేపి దించుతాయి.