మా పెద్దనాయన గరుసు దోవ

మా పెద్దనాయన పోయిన కబురు నాకు నంద్యాల బస్టాండులో అందింది. సెలవుల్లో స్నేహితురాలింట్లో నాలుగు రోజులుండి, మరునాడు బళ్లు తెరుస్తారని ఆళ్లగడ్డకు బయల్దేరాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టానో లేదో కండక్టరు గుర్తుపట్టాడు.

“నువ్వు మేస్త్రోళ్ల టీచరమ్మవు గదా? ఇంగా తెలీదా? తెల్లారుజామున పోయినాడంటమ్మా. బేగా ఎక్కు.”

ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు. ఆ రోడ్డు మీద బస్సు తోలే ప్రతివాడికీ మా పెద్దనాయన తెలుసు. ముప్పై ఏళ్లు ఆ తారురోడ్డు గుంతలు పూడ్పించిన గ్యాంగు మేస్త్రి ఆయన. నాకు ఏడుపు రాలేదు. ఆళ్లగడ్డ వచ్చేదాకా కిటికీలోంచి రోడ్డు చూస్తూ, ఆయనకు ఈ రోడ్డంటే ఎంత విసుగో తలుచుకుంటూ కూర్చున్నాను.

ఇల్లు చేరగానే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నిన్న ఆదివారం చర్చి అయినాక సున్నం డబ్బా తగిలించుకోని సైకిలెక్కి పోయినాడు. పొద్దుగూకే ముందర వచ్చి ఒగటే నవ్వు. ఏందీ అంటే, నీకు గాదులే, పాప వచ్చినాక పాపకే చెప్తా అన్యాడు. నీకేం చెప్పాలనుకున్యాడో!”

నాకేం తెలుసు? నిజం చెప్పాలంటే, సమాధిలో పిడికెడు మట్టి వేస్తున్నప్పుడు కూడా నా బుర్రలో ఆ ప్రశ్నే తిరుగుతోంది. ఆయన ఉంటే తప్పు పట్టేవాడు కాదు. ఏ ఊరి పొలిమేరలో ఏ బండిబాట కనబడినా “ఇది యాడికి పోతాంది?” అని అడగందే ముందుకు కదలని మనిషి.

ఆరు రోజులు జీతం కోసం తారురోడ్డు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, రెండు జొన్నరొట్టెలు మూటగట్టుకుని కొండకింది గరుసు దోవలు పట్టేవాడు. గరుసంటే ఎర్రమట్టి, సన్నరాళ్లు కలిసిన నేల. మా వైపు పల్లమంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడ్డాయంటే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బంకలా పట్టేస్తుంది. అప్పుడు మనిషి సైకిలెక్కడం పోయి, సైకిలే మనిషి భుజమెక్కుతుంది. కొండ అంచున ఉండే గరుసు మాత్రం తడిసేకొద్దీ గట్టిపడుతుంది. “రేగడి మింగుతాది, గరుసు మోస్తాది” అనేవాడు.

దారి అడగడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. చేతులూపుకుంటూ పోయేవాళ్లను అడిగేవాడు కాదు. “వట్టి చేతులోడు ‘ఇదో, ఈడే’ అంటాడు పాపా. మోపు మోసేటోళ్లను అడుగు. ఎత్తు యాడుందో వాళ్ల మెడకు తెలుసు.”

ఊరంతా నవ్వుకున్న ఈ పిచ్చి వల్లే నా ఉద్యోగం నిలబడింది. డెబ్బైల చివర్లో నన్ను కొండకింద ఒక పల్లె బడికి వేశారు. ఆళ్లగడ్డకు ఏడు మైళ్లు. బస్సు లేదు. ఉన్న ఒక్క బండిబాటా రేగడిలోనే. పెద్దనాయన నంద్యాల నుంచి పాత లేడీస్ సైకిలు ఒకటి తెచ్చిచ్చాడు. వానలు మొదలయ్యాక వారంలో మూడు రోజులు మోకాళ్లదాకా బురదతో, బడి సగమయ్యాక చేరేదాన్ని. తనిఖీకొచ్చిన ఆఫీసరు, మళ్లీ ఆలస్యమైతే పైకి రాస్తానన్నాడు. మా నాయన ఇంకో అడుగు ముందుకేసి, “ఇంట్లో కూచో. నీకు ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు” అన్నాడు.

పెద్దనాయన ఒక్కడే తమ్ముడికి అడ్డం పడ్డాడు. “రెండు ఆదివారాలు ఓర్చుకో. ఈ లోపల పాపను ఏమీ అనాకు.”

మొదటి ఆదివారం కొండ దిగుతున్న ఒక కట్టెల మోపు ఆమెను అడిగాడట. “బొమ్మల బండ్లు పోయే దోవ ఉండాది గదప్పా” అందట ఆమె. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను పల్లెలకు తోలే బండ్లు రేగడి గాడుల్లోకి దిగవు. బండి ఒరిగితే విగ్రహం వేళ్లు విరుగుతాయి. అందుకని కొండ అంచునే చుట్టు తిరిగి పోతాయి. పెద్దనాయన పొంగిపోయాడు. “బొమ్మ వేలు విరగని దోవ మనిషి కాలు విరగ్గొడ్తాదా?”

విరగ్గొట్టలేదు గానీ నా మోకాలు మాత్రం చెక్కుకుపోయింది. రెండో ఆదివారం ఆ దోవ వెంట పోయి, ఎత్తు వచ్చి సైకిలు దిగాల్సిన మూడు చోట్ల గుర్తుగా మూడు రాళ్లు నాటి, రోడ్డు రాళ్లకు వేసినట్టు సున్నం వేసి పెట్టాడు. దిగడం బాగానే దిగాను. మళ్లీ ఎక్కితే కదా! రాళ్లన్నీ ఎత్తు నడిమధ్యలో ఉన్నాయి; చీరెతో సైకిలెక్కాలంటే చదును నేల కావాలి. పంచె ఎగ్గట్టి ఎగిరి కూర్చునే మనిషికి అది తట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అరిచేశాను. “చీరె కట్టుకోని తొక్కి చూడు పెద్దనాయనా, అప్పుడు తెలుస్తాది!”

ఆయన నవ్వలేదు. మరుసటి ఆదివారం పంచె చీలమండల దాకా దించుకుని, నా పుస్తకాల సంచి తగిలించుకుని, నా లేడీస్ సైకిలెక్కి బజారు మధ్య నుంచే బయల్దేరాడు. కాఫీ హోటలు ముందు జనం లేచి నిలబడ్డారు.

“ఏందప్పా మేస్త్రీ, ఈ వేషం?”

“పని చేస్తాండా. నీ కాఫీ నువ్వు తాగు.”

పంచె అంచు చైనులో పడి చిరిగి, మసితో వచ్చాడు. అరుగు మీద కూలబడి నీళ్లు తాగాక అన్నాడు: “తప్పు నాదే పాపా. దిగేచోటు చూసినా. మళ్లీ ఎక్కేచోటు గదా చూడాల్సింది.”

రెండు రాళ్ల చోటును చదును నేలకు మార్చాడు. అక్కడ కొత్త రాళ్లు నాటి, పాతవాటిని పగలగొట్టకుండా పక్కనే నేల మీద పడుకోబెట్టాడు. ఎందుకని అడిగాను. “రోడ్డు మారితే పాత రాయిని పండబెట్టాల. అన్నాళ్లు నిలబడింది గదా.” ఆ తర్వాత నా మీద ఎవరూ పైకి రాయలేదు, మా నాయన కూడా నోరెత్తలేదు. ఈ రోజు నేను నా జీతం తింటున్నానంటే అది ఆ చిరిగిన పంచె చలవే. ఆయన ముందు ఈ మాట ఒక్కసారైనా అని ఉండాల్సింది.

మూడో రాయి మాత్రం ఆయనకు కంట్లో నలుసు. అక్కడ ఎటు చూసినా చదును లేదు. పావుగంట సైకిలు తోసుకుంటూ ఎక్కాల్సిందే. దాని పక్కనుంచి రేగుపొదల్లోకి సన్నటి దారొకటి చీలుతుంది. మేకల దోవ, ఎటూ పోదు అనేవారందరూ. “యాడికీ పోకుండా మేకలు మాత్రం ఎందుకు పోతాయి?” అనేవాడు. చూస్తా చూస్తా అంటూనే ఏళ్లు గడిచాయి. రిటైరయ్యాడు. ఆయాసం వచ్చింది. డాక్టరు సైకిలు తొక్కొద్దన్నాడు. సరేనన్నాడు గానీ, బళ్లు తెరిచే ముందు ఆదివారం రాళ్లకు సున్నం వేసి రావడం మానలేదు. అది తొక్కుడు కిందికి రాదట.

సమాధి అయిన మూడో రోజు బడికి బయల్దేరాను. మొదటి రాయి తెల్లగా మెరుస్తోంది. రెండోదీ అంతే. మూడో రాయి కనబడలేదు.

దగ్గరికి పోతే నేల మీద ఉంది. గొడ్లు తోశాయేమో అనుకున్నాను. కాదు. నిలబడిన గుంతలో గరుసు పోసి చేత్తో అదిమి ఉంది. రాయిని పక్కగా, కుదురుగా పడుకోబెట్టి ఉంది.

రేగుపొదల వైపు చూశాను. శనివారం తడిసిన నేల మీద టైరు అచ్చు ఎండిపోయి ఉంది. అరిగిన వెనక టైరుకు ఆయన రబ్బరు ముక్క చుట్టి కట్టుకున్నాడు. అందువల్ల చక్రం చుట్టుకొకసారి అడ్డగీత పడుతుంది. ఆ గీతల వెంట సైకిలు తిప్పాను. పొదలు దాటాక దారి గుట్ట ఎక్కకుండా దాన్ని చుట్టుకుని పోయింది. నాకు ఊపిరి కూడా బరువు కాలేదు. మలుపులో చెప్పంత చిన్న రాయి, కొత్త సున్నంతో. చుట్టూ గరుసు మీద తెల్లటి చుక్కలు. ఎదురుగా మా బడి పెంకులు.

పాపకే చెప్తా అన్నది ఇదే. అప్పుడొచ్చింది ఏడుపు. కళ్లు తుడుచుకోవడానికైనా సైకిలు దిగలేదు, తొక్కుతూనే ఏడ్చాను. బడి గంట ఇంకా కొట్టలేదు. నా చక్రం ముందు ఆ అడ్డగీతలు బడి గేటు దాకా పోయి, అక్కడ ఒక చుట్టు తిరిగి, వచ్చిన దోవనే ఆళ్లగడ్డ వైపు మళ్లాయి.